పగలు చూసిన దారి

చాలాకాలం తరువాత మళ్ళీ ఇక్కడ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను. పద్యాలూ పాత పుస్తకాలూ తప్ప వేరే ఊసెత్తని ఈ పుటలో సైకిలు గురించి రాయడమేమిటని పాత మిత్రులు కొందరు ఆశ్చర్యపోవచ్చు. పోయిన కార్తీకంలో మా ఊళ్ళో జరిగిన ఒక వాదం నన్నింకా వదలలేదు. అది సైకిలు గురించిన వాదమే అయినా, పరాయి ఊరికి వెళ్ళినవాడు అక్కడి చీకటిలోకి ఎంతవరకు అడుగుపెట్టవచ్చునన్న ప్రశ్న అందులో ఉంది. అందుకే ఈ టపా.

మాది శిరివెళ్ళకూ ఆళ్ళగడ్డకూ నడుమ ఒక పల్లె. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లా. అంతకుముందు కర్నూలు జిల్లా. తూర్పున నల్లమల, పడమటి దిక్కున ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి మైదానం. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు. కారు నెత్తిన మూడు కొండసైకిళ్ళు. మౌంటెన్ బైకును నేను కొండసైకిలనే అంటాను. మీకు ఇంతకన్న మంచి మాట తోస్తే చెప్పండి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ కుర్రవాళ్ళు పాత బరువు సైకిళ్ళను కొండ నెత్తికి మోసుకెళ్ళి మట్టిబాటల మీద దొర్లించుకుంటూ దిగిన సరదాలోంచి పుట్టిన వాహనమిది. ఇప్పుడు మన నగరాల్లోనూ దీనిమీద మోజు పెరిగింది. ఎక్కడికి యాత్ర వెళ్ళినా సైకిలును వెంట తీసుకుపోవడం, అక్కడి బాటల్లో రాత్రిపూట దీపాలు కట్టుకొని తిరగడం మావాడి అలవాటు.

రాత్రిపూట ఎందుకని నేను అడగలేదు. మా ప్రాంతంలో ఆ ప్రశ్న అవసరం లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలు మావి. ఎద్దులబండ్ల కాలంలో దూరప్రయాణాలన్నీ రాత్రిళ్ళే సాగేవి. బండి కింద లాంతరు వేలాడుతుంటే, ఎద్దులకు దారి తెలుసు గనుక తోలేవాడు కునుకు తీసేవాడు. చల్లటి వేళ దారి నడవడం మా పెద్దలకు వినోదం కాదు, అవసరం. కనుక రాత్రి ప్రయాణమంటే నాకు భయమూ లేదు, వెక్కిరింపూ లేదు. నా అభ్యంతరమంతా మావాడు ఎంచుకున్న దారి గురించి.

వాడు ఫోనులో పటం తెరిచి చూపించాడు. రుద్రవరం దిక్కు నుండి కొండ అంచునే అడవిలో దూరి అహోబిలం దగ్గర తేలే ఒక సన్నని గీత. ఎవరో ఎప్పుడో నడిచిన జాడ. "మామా, ఎనిమిదింటికి బయలుదేరితే పదకొండుకల్లా అహోబిలంలో ఉంటాము" అన్నాడు.

"ఆ దారి నువ్వెప్పుడైనా పగలు చూశావా?"

"దారి ఫోనులో ఉంది కదా మామా!"

"దారి ఉంది నాయనా. ఆ దారిలో ఈ పొద్దు ఏముందో ఫోనులో లేదు."

వాదం అక్కడ మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. అందులో నేను చెప్పినవీ, చెప్పలేకపోయి తరువాత ఆలోచించుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది అడవి సంగతి. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రకటించారు. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కూడా మావైపుదే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. పగలైనా రాత్రైనా అంతే. దోర్నాల నుండి శ్రీశైలం పోయే తారురోడ్డునే రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు గంటల దాకా వాహనాలకు మూసివేయడం ఏళ్ళుగా ఉన్న నియమం. బస్సునే ఆపినచోట సైకిలుకు దారి ఎక్కడిది? పైగా కొండ అంచున అర్ధరాత్రి కదిలే దీపాన్ని చూసి, ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసే సిబ్బంది, ఎవరో యాత్రికుడు సరదాకు తిరుగుతున్నాడని అనుకోరు.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా నా మనసు ఒప్పదు. పగలంతా మనుషుల అలికిడికి పొదల్లో అణగి ఉన్న ప్రాణులు నీళ్ళకూ మేతకూ కదిలేది రాత్రే. ఎలుగుబంటి ఎదురుపడితే సైకిలు మీదివాడికి ఏమవుతుందన్నది ఒక ప్రశ్న. వేయి కొవ్వొత్తుల వెలుగు కళ్ళలో పడిన దుప్పికి ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. మొదటిది అందరూ అడుగుతారు. రెండవది అడిగేవాళ్ళు తక్కువ. మనకు పగలు ఉంది, వాటికి రాత్రి ఉంది. ఆ పంపకాన్ని మన్నించడం మర్యాద.

ఇక తప్పిపోయిన మనిషిని వెతకడం. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయం హైదరాబాదు నుండి బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ఈ నల్లమలలోనే కూలింది. ప్రభుత్వ యంత్రాంగమంతా, వాయుసేన విమానాలు సహా, వెతికితే పావురాలగుట్ట మీద జాడ దొరికింది మరునాటి ఉదయానికి. రాష్ట్రాన్ని ఏలే మనిషికే ఒక పగలూ ఒక రాత్రీ పట్టిన అడవి అది. కాలు విరిగి లోయలో పడిన సైకిలువాడి కోసం ఎవరు, ఏ దిక్కుకు పోవాలి? ఈ మాట అన్నప్పుడు మావాడు మొదటిసారి మాట్లాడకుండా ఊరుకున్నాడు.

"అయితే అడవి వద్దు, ఎర్రమల వైపు పోదాం" అన్నాడు వాడి స్నేహితుడు. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నేల చూడడానికి కొండసైకిలు కోసమే పరిచినట్టుంటుంది. రాతి పలకలు, గట్టి నేల, చెట్టూ చేమా తక్కువ. కానీ అది నాపరాయి తవ్వే నేల. తవ్వి వదిలేసిన గుంతలు చాలాచోట్ల కంచె లేకుండా, వాననీరు నిండి, నేలమట్టానికి నల్లగా ఉంటాయి. పగలు చూస్తే గొయ్యి. రాత్రి దీపపు వెలుగులో చూస్తే నున్నటి నల్లరాతి పలక. రెండింటికీ తేడా తెలిసేసరికి ముందుచక్రం గాలిలో ఉంటుంది.

జాతీయ రహదారి మాట ఎవరూ ఎత్తలేదు. నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు నలభై కిలోమీటర్ల నునుపైన నాలుగు వరుసల దారి ఉంది కానీ, వెనుక దీపం లేకుండా అంచున నిలిపిన లారీలూ, ఎదురుదిశలో వచ్చే మోటారుసైకిళ్ళూ ఉన్నంతకాలం రాత్రిపూట అది సైకిలుకు తగినది కాదు.

మరి మిగిలిందేమిటి? నన్నడిగితే మంచిదంతా మిగిలే ఉంది. కర్నూలు-కడప కాలువ గట్లు ఉన్నాయి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కాలువ ఇది. సేద్యానికే కాక పడవల రవాణాకు కూడా అనుకొని తవ్వారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ కాలువల గట్ల మీద బండి పోయేంత బాటలు, ఊరికీ ఊరికీ నడుమ డొంకలు, చెరువు కట్టలు. ఎత్తుపల్లాలు తక్కువే. కొండలు ఎక్కివచ్చినవాడికి ఇవి చప్పగా తోచవచ్చు. కానీ చీకటిలో చప్పటి దారి అంటూ ఉండదు. పగలు పది నిమిషాలలో దాటే డొంక రాత్రి అరగంట ప్రయాణం.

అయితే ఆ దారుల్లో కూడా నాది ఒకటే షరతు. రాత్రి పోదలచిన దారిని అదే రోజు పగలు చూడాలి. నిన్న చూశాననడం చాలదు, పుట్టినప్పటి నుండి తెలుసుననడం కూడా చాలదు. ఈ షరతు నాకు పుస్తకాలలో దొరకలేదు. 1990లలో, నా పదహారో ఏట, ఎడమ భుజం ఎముక విరిగినప్పుడు దొరికింది.

ఆళ్ళగడ్డలో సెకండ్ షో చూసి ఒంటరిగా వస్తున్నాను. సైకిలుకు డైనమో దీపం. గబగబా తొక్కితే వెలుగు, మెల్లగా తొక్కితే మిణుకు అన్న రకం. అందుచేత జాగ్రత్తపడి నెమ్మదించాల్సిన చోటే గుడ్డివాడినయ్యేవాణ్ణి. గట్టుబాట నాకు అరచేతిలో గీతలంత తెలుసు. ఆ సాయంత్రమే ఎవరో వరిమడికి నీళ్ళు మలపడానికి బాటకడ్డంగా మోకాటిలోతు కాలువ తీసిన సంగతి మాత్రం తెలియదు. పడ్డాను. లేవలేకపోయాను. గంటకు పైగా అయినాక నీళ్ళవంతుకు వచ్చిన పక్కూరి రైతు లాంతరు ఎత్తి చూసి, "ఎవురి పిల్లోడివి రా నువ్వు?" అని నన్ను భుజాన వేసుకొని ఊరికి చేర్చాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన భుజం మీద తడిమట్టి వాసన నాకింకా గుర్తుంది.

ఆ రాత్రి నాకు రెండు సంగతులు తెలిశాయి. సేద్యపు నేలలో దారి స్థిరమైన వస్తువు కాదు. పొద్దున ఒకలా, సాయంత్రం మరొకలా ఉంటుంది. రెండవది, నేను బతికి బట్టకట్టింది మనుషులు రాత్రిపూట కూడా పనికి తిరిగే దారిలో పడ్డాను గనుక. దారి ఎంచుకోవడమంటే పడినప్పుడు ఎవరి కంట పడతామో ఎంచుకోవడం కూడా.

సరే, ఆ మాట మీద మావాడు దిగివచ్చాడు. మరునాడు సాయంత్రం నాలుగింటికి నలుగురం బయలుదేరాము. వాళ్ళు కొండసైకిళ్ళ మీద, నేను మా తమ్ముడి పాత సైకిలు మీద. మా ఊరి నుండి గట్టెక్కి, రెండు పల్లెలు చుట్టి, డొంక వెంబడి తిరిగివచ్చే తొమ్మిది కిలోమీటర్ల చుట్టు. ఆ పగటి వెలుగు మాకు చూపించినవి ఇవి.

ఊరి బయట రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ తలకాయలంత రాళ్ళు పేర్చారు. వడ్లు ఎత్తుకుపోయినా రాళ్ళు అక్కడే ఉంటాయని మావాడికి చెప్పవలసివచ్చింది. అర కిలోమీటరు అవతల తూము మీద పిట్టగోడ ఒకవైపు కూలి ఉంది, అదీ సరిగ్గా మలుపులో. ఆపైన పొలంలో ఒక గొర్రెలమంద దిగి ఉంది. పగలు కాపరి ఒక్కడే కనిపిస్తాడు. రాత్రి కావలి కుక్కలు బాట దాకా వస్తాయి. కాపరితో మాట్లాడి, వచ్చేటప్పుడు దిగి నడుస్తామని చెప్పాము. "కేకేయండి సామీ, నేను కుక్కల్ని పిలుస్తా" అన్నాడు. డొంకలో ఒకచోట పల్లేరుకాయలు పరుచుకొని ఉన్నాయి. వేల రూపాయల టైరైనా వాటికొక్కటే.

ఇక చివరి సంగతి. డొంక రెండుగా చీలే చోట ఎడమదారి పట్టబోతుండగా, చేనులోంచి ఒక పెద్దాయన చేయెత్తి ఆపాడు. "పొద్దు గూకినాక ఆ పక్క పోవద్దండి. పందులకు తీగ పెట్టినారు" అన్నాడు. చూస్తే గడ్డిలో మోకాటి ఎత్తున, గూటాలకు కట్టిన మామూలు ఇనుపతీగ. పగలు అది ఉట్టి తీగే. చీకటి పడ్డాక దానికి కరెంటు తగిలిస్తారు. అడవిపందుల నుండి పంటను కాచుకోవడానికి చేసే పని. చట్టానికి విరుద్ధం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి తీగలకు తగిలి పందులే కాదు, పశువులూ, రైతులూ పోయారు. పెట్టినవాణ్ణి నేను సమర్థించను. ఒక్క రాత్రిలో చేనంతా పందుల పాలైనవాడి కడుపుమంటను తెలియదనీ అనను. నేను చెప్పేది ఇంతే. మావాడి ఫోనులోని గీత ఆ ఎడమదారినే పోతోంది. వాడు ఆ తీగను చూశాడు, ఫోనును చూశాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత మా మధ్య వాదం జరగలేదు.

ఆ రాత్రి ఏడుగంటలకు అదే తొమ్మిది కిలోమీటర్ల దారిలో, ఎడమ చీలిక వదిలేసి, నలుగురం తిరిగాము. ద్వాదశి వెన్నెల. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, పంచాంగం చూసేవాళ్ళకు తెలిసిందే. పున్నమి దాటాక చంద్రుడు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు గనుక పొద్దుగూకిన వెంటనే చీకటి. అదే శుద్ధ ఏకాదశి నుండి పున్నమి దాకా అయితే సూర్యుడు దిగేసరికే చంద్రుడు పైనుంటాడు. సాయంత్రపు సవారీకి ఆ నాలుగైదు రోజులే మేలు. దీపాలు కూడా రెండు ఉండాలి, ఒకటి హ్యాండిలుకు, ఒకటి తలకు. తలదీపం ఒక్కటే ఉంటే నీడలు పడక గుంతలన్నీ చదునుగా కనిపిస్తాయి. కింది దీపం ఏటవాలుగా పడి గుంతకు నీడ ఇస్తుంది, మన కంటికి లోతు తెలుస్తుంది. బ్యాటరీ సగం ఖర్చయ్యే లోపే వెనుదిరగాలి. చీలమండ దాటే బూట్లు వేసుకోవాలి. పగటి వేడి మిగిలిన బాట మీదికి రక్తపింజరి రావచ్చు, కట్లపాము తిరిగే వేళ రాత్రే. వాన పడ్డ మూడు రోజుల దాకా రేగడిలో దిగనే వద్దు. ఆ మట్టి చక్రానికీ చట్రానికీ నడుమ పిండిలా దట్టించుకుంటే, సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

బయలుదేరేముందు ఊరి టీకొట్టు దగ్గర నలుగురికీ చెప్పి బయలుదేరాము. ఇది అన్నింటికన్న ముఖ్యమని నా అభిప్రాయం. పొలాల్లో మోటార్ల తీగలూ, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగీ దొంగిలించేవాళ్ళు తిరిగే రోజులివి. వేళకాని వేళ చేల నడుమ కదిలే మూడు తెల్లటి దీపాలను చూసి, కాపున్న రైతు కర్ర అందుకుంటే తప్పు అతనిది కాదు. చెప్పి వెళ్ళినవాడు అతిథి. చెప్పకుండా తిరిగినవాడు ఎవరో అతనికెలా తెలుస్తుంది?

మావాడి ఆఖరు ప్రశ్న మాత్రం కొట్టిపారేయదగినది కాదు. "అన్నీ ముందే చూసుకొని పోతే ఇక సాహసమేముంది మామా?" అన్నాడు. నిజమే, తెలియనిదాన్ని ఎదుర్కోవడంలో ఒక ఆనందం ఉంది. ఆ వయసులో నాకూ ఉండేది. కానీ సాహసం వెల ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి. పరాయి చోట మనం పడితే, నిద్ర మానుకొని లాంతరు పట్టుకొని వచ్చేది ఆ ఊరివాళ్ళు. తీగ తగిలి పోతే జైలుకు పోయేది ఒక బక్కరైతు, వీధిన పడేది అతని పిల్లలు. రెండు రోజులుండి పోయే యాత్రికుడి సరదాకు ఇంత బరువును వాళ్ళ నెత్తిన పెట్టే హక్కు మనకు లేదు. ఇక ఆనందం సంగతంటారా, పగలు చూసిన ఆ తొమ్మిది కిలోమీటర్లు రాత్రి ఏ మాత్రం తెలిసినవిగా లేవు. కాలువ నీటి చప్పుడు పగలు మాకు వినబడనే లేదు. వరికంకుల వాసన, దూరాన నల్లమల నల్లటి గోడ, మంద దగ్గర దిగి నడుస్తుంటే చీకటిలో గొర్రెల ఊపిరి. మావాడు దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క ఫోటో తీయలేదు.

ఇదంతా రాస్తుంటే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొచ్చాడు. 1830 మేలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, కడప మీదుగా మావైపు వచ్చి అహోబిలమూ మహానందీ చూసుకొని శ్రీశైలం వెళ్ళాడాయన. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు, దారిలో నేల ఎలాంటిదో, నీడ ఉందో లేదో, నీళ్ళూ అంగళ్ళూ ఎక్కడ దొరుకుతాయో ఓపికగా రాసిపెట్టాడు, తన వెనుక వచ్చేవాళ్ళ కోసం. పల్లకీలూ పరివారమూ ఉన్న మనిషి కూడా దారిని అడిగి, విని, చూసి నడిచాడు. మా అహోబిలం నరసింహస్వామి కూడా అంతే. సంక్రాంతి కనుమనాడు పార్వేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. ఆ ఊళ్ళవాళ్ళు ఎదురొచ్చి పిలుచుకుపోతేనే కదులుతుంది పల్లకి. దేవుడే ఊరివాళ్ళ తోడుతో తిరిగే చోట, ఫోనులో గీతను నమ్ముకొని ఒంటరిగా చీకట్లో దూరడం మనకు తగదని నా మనవి.

మావాడు ఈ వేసవిలో మళ్ళీ వస్తానన్నాడు. "ఈసారి పది కిలోమీటర్లు చూద్దాం మామా, నాలుగింటికే పోదాం" అన్నాడు. అంతకన్న ఎక్కువ నేను కోరలేదు. మీ మీ ఊళ్ళలో రాత్రి తొక్కదగిన గట్లూ డొంకలూ ఉంటే, అక్కడ పగలు చూడవలసినవేమిటో మీరూ రాయండి. వీరాస్వామయ్యలాగా, వెనుక వచ్చేవాళ్ళ కోసం.